హాస్టల్ ఓటా, ఊరి ఓటా? విద్యార్థుల అపోహలు - వాస్తవాలు

నేను సర్కారు బడి టీచర్ని, బీఎల్‌ఓని (బూత్ ఓటర్ల జాబితా చూసుకునే అధికారిని) కూడా. హైదరాబాద్‌లో నా పోలింగ్ కేంద్రం పరిధిలో కాలేజీ హాస్టళ్ళు ఎక్కువ. ఓటు దగ్గర పిల్లలు పొరపడే చోట్లు ఇవీ.

అపోహ: హాస్టల్లో ఉండేవాళ్ళకు అక్కడ ఓటు ఇవ్వరు.

వాస్తవం: ఇస్తారు. చూసేది మామూలుగా ఎక్కడ ఉంటున్నారన్నదే. ఒక చోట సొంతిల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరని 1950 నాటి ప్రజా ప్రాతినిధ్య చట్టమే చెబుతోంది. గుర్తింపు ఉన్న కోర్సు, కనీసం ఏడాదిదైతే, ఫారం 6కి (కొత్తగా పేరు చేర్చుకునే దరఖాస్తు) ప్రిన్సిపాల్ సంతకం చేసిన డిక్లరేషన్ జోడిస్తే సరి. వద్దనుకుంటే అమ్మానాన్నల దగ్గరే రాయించుకోవచ్చు. ఆ ఎంపిక పూర్తిగా మీదే.

అపోహ: రెండుచోట్లా పేరుంటే తప్పేంటి, వేసేది ఒక్కటే కదా!

వాస్తవం: వేసినా వేయకపోయినా, రెండుచోట్ల పేరుండటమే చట్టవిరుద్ధం. పోయినేడు ఒక ఇంజనీరింగ్ కుర్రాడు ఫారం 6 నింపి తెచ్చాడు.

"ఊళ్ళో ఓటుందా బాబూ?"

"ఉంది మేడమ్, నాన్న రాయించాడు."

అతని చేతిలోని ఫారంలోనేమో "మొదటిసారి దరఖాస్తు చేస్తున్నాను, ఏ నియోజకవర్గంలోనూ నా పేరు లేదు" అన్న మాట కింద సంతకం! తెలిసి అబద్ధం రాస్తే ఏడాది దాకా జైలో, జరిమానానో, రెండూనో పడొచ్చు. ఓటు మార్చుకోవడానికి ఉన్నది ఫారం 8. అక్కడ పేరు తీసేసి ఇక్కడ చేరుస్తారు, కార్డు నంబరు మారదు.

ఇంకో సంగతీ చెప్పాను. పంచాయతీ ఓటర్ల జాబితా తయారయ్యేది అసెంబ్లీ జాబితా నుంచే. ఇక్కడికి మార్చుకుంటే సర్పంచి ఎన్నికలో ఓటుండదు. కాసేపు ఆలోచించాడు. "మా వీధికింకా మంచినీళ్ళ పైపు రాలేదు మేడమ్" అని ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాకు చాలా సంతోషమేసింది. హైదరాబాద్‌లోనే ఓటుండాలన్న పిల్లల లెక్క వేరే, వాళ్ళు రోజూ తిరిగే రోడ్లు ఇవి. అదీ న్యాయమే.

అపోహ: పద్దెనిమిది నిండాకే దరఖాస్తు చేయాలి.

వాస్తవం: 17 నిండితే ముందే పెట్టుకోవచ్చు. జనవరి, ఏప్రిల్, జూలై, అక్టోబరు నెలల 1వ తేదీల్లో ఏనాటికి 18 నిండితే అప్పటినుంచి ఓటు. ఎన్నికలొచ్చాక చూద్దామనుకోకండి. నామినేషన్ల గడువు దాటితే ఆ ఎన్నికకు కొత్త పేర్లు చేర్చరు.

అపోహ: చదువుకోసం దూరంగా ఉంటే పోస్టల్ బ్యాలెట్ పంపిస్తారు.

వాస్తవం: విద్యార్థులకు ఆ వీలు లేదు. పోలింగ్ నాడు మీ బూత్‌కు మీరే వెళ్ళాలి. సెలవు, రైలు టికెట్టు దొరుకుతాయో లేదో చూసుకునే ఎక్కడన్నది తేల్చుకోండి.

అపోహ: కార్డు ఉంది కాబట్టి ఓటున్నట్టే.

వాస్తవం: జాబితాలో పేరుండాలి. ఇంటింటి పరిశీలనకు వెళ్ళి హాస్టల్ గది తలుపు కొడితే వేరే పిల్లాడు తీస్తాడు. జాబితాలో ఉన్నవాడు చదువైపోయి ఎప్పుడో వెళ్ళిపోయాడు. నేను "మారిపోయారు" అని రాయక తప్పదు. పేరు తీసేసే ముందు ఇచ్చే నోటీసు కూడా ఆ గదికే వస్తుంది, అతని చేతికి అందదు. గది ఖాళీ చేసే వారంలోనే కొత్త చిరునామాకు ఫారం 8 పెట్టేయండి నాన్నా.