పాత గెలుపుల లెక్క

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

నెబ్రాస్కా కాలేజీ అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు 1970, 1971, 1994, 1995, 1997 సీజన్లలో జాతీయ విజేత అయింది కాబట్టి ఈ ఏడాది కూడా గెలిచి తీరుతుందని మీరు బడిలో వాదిస్తున్నారని మీ అమ్మ చెప్పింది. ఆ వాదన ఎక్కడ నిలవదో వివరిస్తాను.

కాలేజీలో ఒక్కో కుర్రాడు ఆడేది మామూలుగా నాలుగు సీజన్లు. 1997 నాటి ఆటగాళ్ళూ, వాళ్ళను తీర్చిదిద్దిన కోచ్ టామ్ ఆస్బర్న్ కూడా ఎప్పుడో తప్పుకున్నారు. ఇప్పటి ఆటగాళ్ళు అప్పటికి పుట్టనే లేదు. అలాగని పాత కీర్తి ఉత్తదేనని అనను. లింకన్‌లో ఆ జట్టు సొంత మైదానమైన మెమోరియల్ స్టేడియంలో 1962 నుంచి ప్రతి ఆటకూ టికెట్లన్నీ అమ్ముడవుతున్నాయంటే అది ఆ కీర్తి చలవే, ఆ జనాన్ని చూసి మంచి కుర్రాళ్ళు ఇటు మొగ్గుతారు కూడా. అయినా 2017 నుంచి 2023 దాకా వరసగా ఏడు సీజన్లు మనవాళ్ళు బౌల్ మ్యాచ్, అంటే సీజన్ చివర మంచి జట్లు ఆడే మ్యాచ్, ఒక్కటీ ఆడలేదు.

ఇండియానా కాలేజీ జట్టు సంగతి దీనికి తలకిందులు. 2023లో 3 గెలిచి 9 ఓడిన ఆ జట్టు, కోచ్‌గా కర్ట్ సిగ్నెటీ రాగానే 2024లో 11 గెలిచింది. అంతకుముందు ఏ సీజన్‌లోనూ పది గెలుపులు ఎరుగదు. తాను అంతకుముందు కోచ్‌గా ఉన్న జేమ్స్ మాడిసన్ కాలేజీ నుంచి ఆటగాళ్ళను ఆయన వెంట తెచ్చుకున్నాడు. కాలేజీ మారినవాళ్ళు ఏడాది ఖాళీగా కూర్చోనక్కర్లేదని 2021లో నిబంధన సడలించాక, ఒక్క ఏడాదిలోనే సగం జట్టు మారిపోవచ్చు.

మరి నిరుటి ఫలితమైనా నమ్మవచ్చా అంటే, దాన్నీ విప్పి చూడాలి. 2021లో మనవాళ్ళు 3 గెలిచి 9 ఓడారు, కానీ ఏ ఓటమీ 9 పాయింట్ల తేడా దాటలేదు, పైగా మొత్తం మీద ప్రత్యర్థులకు ఇచ్చినవాటి కంటే సాధించిన పాయింట్లే ఎక్కువ. అదృష్టం తిరిగితే చాలని చాలామంది అనుకున్నారు. అయితే ఆ ఆధిక్యమంతా ఫోర్డమ్‌పై 52-7, నార్త్‌వెస్టర్న్‌పై 56-7 గెలుపులలో వచ్చిందే. ఆ రెండూ తీసేస్తే లెక్క తిరగబడుతుంది. 2022లో మిగిలినవి 4 గెలుపులు, 8 ఓటములు, సీజన్‌లో మూడు ఆటలకే అప్పటి కోచ్‌కు ఉద్వాసన.

ఈసారి ఫోన్ చేసేటప్పుడు, నిరుడు ఆడినవాళ్ళలో ఎంతమంది మిగిలారో, బంతి విసిరి ఆట నడిపించే క్వార్టర్‌బ్యాక్ ఎవరో చూసి చెప్పండి.

మీ తాతయ్య