వృత్తంలో రేకుల అమరిక: అపోహలు - వాస్తవాలు

లేజర్ కటింగ్ కోసం మా దగ్గరికి వచ్చే ఫైళ్లలో ముగ్గు స్టెన్సిళ్లు, మండపం వెనుక నిలబెట్టే అక్రిలిక్ చక్రాలు, గోడ గడియారాల డయళ్లు ఎక్కువగా ఉంటాయి. వీటన్నింటిలోనూ అసలు పని ఒక్కటే: ఒక ఆకారాన్ని గీసి, దాని కాపీలను వృత్తం చుట్టూ సమానమైన ఎడంతో అమర్చడం. ఈ పని గురించి వినిపించే అపోహలలో ఒకటి షీట్లకు షీట్లు వృథా చేయిస్తోంది కనుక, ముందుగా దాని గురించే వివరంగా రాస్తున్నాను.

అపోహ: సెంటర్ సంగతి సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది.

చూసుకోదు. సాఫ్ట్‌వేర్‌కు తెలిసిన సెంటర్ ఒక్కటే, అది మనం సెలెక్ట్ చేసిన ఆకారం అంచులను తాకుతూ చుట్టూ ఉండే చట్రం (బౌండింగ్ బాక్స్) మధ్య బిందువు. ఒక రేకును సెలెక్ట్ చేసి తిప్పితే అది తన నడుము చుట్టూ తానే తిరుగుతుంది తప్ప పువ్వు మధ్యభాగం చుట్టూ తిరగదు. వృత్తలేఖిని మొనను ఎక్కడ గుచ్చాలో మనమే నిర్ణయించుకున్నట్టు, రొటేషన్ సెంటర్‌ను కూడా మనమే పెట్టాలి. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్లయిన కోరల్‌డ్రాలోనూ ఇంక్‌స్కేప్‌లోనూ ఆకారం మీద రెండోసారి క్లిక్ చేస్తే మధ్యలో ఒక చిన్న గుర్తు కనిపిస్తుంది. దానిని లాగి పువ్వు కేంద్రం మీద ఉంచాలి. అలాంటిదే మరో సాఫ్ట్‌వేర్ ఇలస్ట్రేటర్‌లో అయితే రొటేట్ టూల్ తీసుకొని, ఆల్ట్ కీ నొక్కి పట్టుకొని, కేంద్రం ఉండవలసిన చోట క్లిక్ చేయాలి.

ఇంతవరకు చాలామంది త్వరగానే నేర్చుకుంటారు. అసలు నష్టం దీని తరువాతి మెట్టులో ఉంది. రేకులన్నీ చక్కగా అమర్చి, గ్రూప్ చేసి, ఆ గ్రూపును బయటి వృత్తంతో సెంటర్ అలైన్ చేసినప్పుడు (రెండింటి మధ్య బిందువులను ఒకే చోటికి తెచ్చినప్పుడు) సాఫ్ట్‌వేర్ మళ్లీ బౌండింగ్ బాక్స్‌నే చూస్తుంది. రేకుల సంఖ్య సరి సంఖ్య అయితే సాధారణంగా ఇబ్బంది రాదు. బేసి సంఖ్య అయితే పువ్వు పక్కకు జరుగుతుంది.

ముగ్గు స్టెన్సిళ్లు తయారుచేసి అమ్ముకునే ఒక చెల్లెమ్మ ఇదే సమస్యతో ఎంతో కంగారుగా వచ్చింది. "అన్నా, అయిదు రేకుల పువ్వు ఎన్నిసార్లు సెంటర్ చేసినా పైనా కిందా ఎడం సమానంగా రావడం లేదు. సాఫ్ట్‌వేర్ పాడైందని, కొత్త వెర్షన్ కొనాలని అంటున్నారు" అని చెప్పింది. అప్పటికే రెండు షీట్లు కోయించి పారేసింది. "సాఫ్ట్‌వేర్‌లో ఏ లోపమూ లేదమ్మా, కొలిచి చూద్దాం" అని ఫైలు తెరిపించాను. కొనదేలిన అయిదు రేకుల పువ్వులో కేంద్రం నుంచి కొన వరకు 10 సెంటీమీటర్లు ఉందనుకుంటే, పై కొన 10 సెంటీమీటర్ల ఎత్తులోనూ, కింది రెండు కొనలు దాదాపు 8.1 సెంటీమీటర్ల దిగువనా ఉంటాయి. బాక్స్ మధ్య బిందువు అసలు కేంద్రానికి సుమారు 9.5 మిల్లీమీటర్లు పైన పడుతుంది. అలైన్ నొక్కిన ప్రతిసారీ పువ్వు ఉండవలసిన చోటు కంటే అంత మేరకు కిందనే కూర్చుంది. ఇంత చిన్న కారణానికి ఖరీదైన వెర్షన్ కొనమని సలహా ఇచ్చేవారు ఒక్కసారి స్కేలు పెట్టి కొలిచి ఉంటే ఆ అమ్మాయికి రెండు షీట్ల డబ్బు మిగిలేది.

దీనికి పరిష్కారం సులువు. రేకుల కొనలను తాకేటట్టు, అసలు కేంద్రం నుంచే ఒక పూర్తి వృత్తం గీసి, దానికి రంగూ గీతా తీసేసి, రేకులతో కలిపి గ్రూప్ చేయాలి. ఇప్పుడు బాక్స్ ఆ వృత్తానిదే అవుతుంది కనుక అలైన్ చేసినా తిప్పినా పువ్వు కేంద్రం తప్పదు. కోతకు పంపేముందు మాత్రం ఆ వృత్తాన్ని తప్పక తొలగించాలి.

అపోహ: పన్నెండు రేకులు కావాలంటే కాపీలు 12 అని కొట్టాలి.

కోరల్‌డ్రాలో కాపీల గడిలో అసలు ఆకారం లెక్కలోకి రాదు. కోణం 30 డిగ్రీలు, కాపీలు 11 అని ఇవ్వాలి. 12 ఇస్తే చివరి కాపీ సరిగ్గా మొదటి రేకు మీదనే కూర్చుంటుంది. తెర మీద అది కనిపించదు, కాని లేజర్ అదే గీతను రెండుసార్లు కోస్తుంది, అక్కడ అంచు మాడిపోతుంది. ఇంక్‌స్కేప్‌లో టైల్డ్ క్లోన్స్ (ఒకేసారి అనేక కాపీలు, అంటే క్లోన్లు, తీసే సదుపాయం) వాడితే మొదటి క్లోన్ అసలు ఆకారం మీదనే పడుతుంది కనుక ఆ రెండింటిలో ఒకదాన్ని తీసేయాలి. అన్నింటినీ సెలెక్ట్ చేసి స్టేటస్ బార్‌లో సంఖ్య చూసుకుంటే ఈ తప్పు వెంటనే బయటపడుతుంది.

అశోక చక్రం విషయంలో ఇదే తప్పు మరో రూపంలో వస్తుంది. 1947 జూలై 22న రాజ్యాంగ సభ ఆమోదించిన జెండాలోని చక్రానికి 24 ఆకులు, అంటే ఆకుకూ ఆకుకూ మధ్య 15 డిగ్రీలు. కొందరు అటు అంచు నుంచి ఇటు అంచు వరకు ఒకే గీత గీసి, దానిని 15 డిగ్రీల చొప్పున 24 చేస్తారు. కేంద్రం గుండా పోయే గీత ఒక్కటే రెండు ఆకులవుతుంది కనుక, అక్కడ ప్రతి గీత కింద మరో గీత దాగి ఉంటుంది. ఆకును నడిమి బొడ్డు నుంచి అంచు వరకే గీసి తిప్పడం సరైన పద్ధతి. అంచున ఆకుల నడుమ వచ్చే చిన్న చుక్కల వరుసను 7.5 డిగ్రీలు జరిపి మొదలుపెట్టాలి.

అపోహ: ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఈ పని కుదరదు. ఇది వట్టి పుకారు. ఇంక్‌స్కేప్ ఉచితం, అందులో ఆకారాన్ని కేంద్రం చుట్టూ తిప్పి కాపీలు వేసే రొటేట్ కాపీస్ అనే పాత్ ఎఫెక్ట్ ఉంది. ఇలస్ట్రేటర్ పాత వెర్షన్లలో రేడియల్ రిపీట్ (కాపీలను తానే వృత్తంలో అమర్చే సదుపాయం) లేకపోయినా, ఒక కాపీ తిప్పాక కంట్రోల్ డి నొక్కుతూ పోతే అదే ఫలితం వస్తుంది.

అపోహ: కోణాన్ని దగ్గరి అంకెకు సవరిస్తే తేడా తెలియదు. ఏడు రేకులకు 51 డిగ్రీలు ఇస్తే మొత్తం 357 అవుతుంది. 30 సెంటీమీటర్ల వ్యాసార్థం మీద ఆ మూడు డిగ్రీల లోటు దాదాపు 1.6 సెంటీమీటర్ల సందుగా తేలుతుంది. ఇంక్‌స్కేప్, ఇలస్ట్రేటర్ రెండూ కోణం గడిలో 360/7 అని కొడితే భాగహారం తామే చేసుకుంటాయి.

అపోహ: గడియారం అంకెలనూ ఇలాగే తిప్పాలి. గీతలకు ఇది సరిపోతుంది, అంకెలకు సరిపోదు. అంకెలను నిటారుగా నిలపాలంటే, వృత్తంలో అమర్చాక ప్రతి అంకెనూ దాని సొంత సెంటర్ మీద అంతే కోణం వెనక్కి తిప్పాలి. 4 దగ్గర అది 120 డిగ్రీలు, 6 దగ్గర 180.