రామప్ప పూడిక వయసు ఫెల్డ్‌స్పార్‌తో కొలవాలంటే

కరీంనగర్ క్వారీల నుంచి వచ్చే టాన్ బ్రౌన్ గ్రానైట్ పలకను దగ్గరగా చూడండి. ఎర్రటి గోధుమరంగులో పెద్దగా కనిపించే పలుకులు పొటాషియం ఫెల్డ్‌స్పార్. రాయి అరిగితే ఆ ఖనిజమే మానేరు ఇసుకలో చేరుతుంది.

ఇసుక మట్టికింద పడ్డాక, చుట్టూ ఉన్న యురేనియం, థోరియం, పొటాషియంల రేడియేషన్ వల్ల ఫెల్డ్‌స్పార్ స్ఫటికంలో ఎలక్ట్రాన్లు చిక్కుకుపోతాయి. ఎండ తగిలితే ఇవి ఖాళీ అవుతాయి, మట్టికింద మళ్లీ పోగవుతాయి. ల్యాబ్‌లో పరారుణ కాంతి వేస్తే అవి బయటపడి నీలి వెలుగు (సిగ్నల్) వస్తుంది. దాన్నిబట్టి ఇసుకకు అందిన మొత్తం రేడియేషన్, అంటే డోసు, లెక్కగట్టి, ఏడాదికి అందే డోసుతో భాగిస్తే, ఆ ఇసుక చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో తెలుస్తుంది.

చిక్కల్లా ఒకటే. చీకట్లో కదపకుండా ఉంచినా కొన్ని ఎలక్ట్రాన్లు జారిపోతాయని 1973లో శాస్త్రవేత్త ఆన్ వింటిల్ చూపించారు. దాంతో వయసు తక్కువొస్తుంది. అందుకే ఇప్పుడు ముందు 50 డిగ్రీల దగ్గర పరారుణ కాంతితో జారే భాగాన్ని చాలావరకు ఖాళీ చేసి, ఆ తర్వాత 225 లేదా 290 డిగ్రీల దగ్గర మళ్లీ కొలుస్తారు. ఈ రెండో సిగ్నల్ గట్టిది, చాలా తక్కువ జారుతుంది. కానీ ఎండకు కూడా అంత తొందరగా చెరగదు.

పద్ధతి సరైనదో కాదో చూడటానికి ల్యాబ్‌లో రేణువులను ఎండలో ఖాళీ చేసి, 100 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలమానం) డోసు ఇచ్చి, తెలియని శాంపిల్ లాగే కొలుస్తారు. చెరగకుండా మిగిలిన దాన్ని తీసేశాక 90 నుంచి 110 మధ్య వస్తే పాస్. ఈ ఒక్క పాస్‌తో ఊరుకోకూడదని నా గట్టి అభిప్రాయం. ల్యాబ్ డోసు నిమిషాల్లో పడుతుంది, ప్రకృతిలో అదే వేల ఏళ్లు పడుతుంది. జారుడును విడిగా, డోసు ఇచ్చిన వెంటనే ఒకసారి, గంటలు, రోజులు ఆగి మళ్లీ కొలవాల్సిందే.

వయసు ముందే తెలిసిన మట్టి దొరికితే అంతకంటే మంచి పరీక్ష ఉండదు. మన దగ్గర కాకతీయుల చెరువులున్నాయి. రామప్ప గుడి శాసనం 1213 నాటిది, చెరువూ ఆ కాలానిదే. పూడిక తీయని చోట, అట్టడుగు పొర కట్టకంటే పాతది కాలేదు. వెయ్యేళ్లకు 3 గ్రేల చొప్పున వేసుకున్నా ఆ పొరకు అందింది రెండున్నర గ్రేలే. 290 డిగ్రీల సిగ్నల్‌లో ఎండకు చెరగకుండా మిగిలేదే అంతకుమించి ఉండవచ్చు. పైగా వానాకాలపు బురదనీటిలో వచ్చిన మట్టికి ఎండ సరిగా తగలదు. వయసు మూడు వేల ఏళ్లని వస్తే నమ్మేదెలా? ఈ పూడికకు, 290 కంటే తొందరగా ఎండకు చెరిగే 150 డిగ్రీల సిగ్నల్‌ను కొలవడం మేలు. పరీక్ష డోసు కూడా 100 కాదు, 3 గ్రేలు ఇచ్చి చూడాలి.