ఆపరేషన్ల లెక్క, అవసరాల లెక్క

ప్రభుత్వమే పూనుకుని కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టిన తొలి దేశం మనది. అది 1952. చాలాకాలం పాటు ఆ కార్యక్రమానికి పట్టిన లెక్క ఒక్కటే: ఈ నెల ఎన్ని కు.ని. ఆపరేషన్లు చేయించారు? కింది ఉద్యోగి నుంచి కలెక్టరు దాకా అందరి మెడ మీదా టార్గెట్లే. ఎమర్జెన్సీలో అవి బలవంతపు ఆపరేషన్లకు దారితీశాయన్నది తెలిసిందే. 1976-77 ఒక్క ఏడాదిలోనే 80 లక్షలకు పైగా ఆపరేషన్లు జరిగాయి. అందులో ముప్పాతిక వంతు వేసెక్టమీలు, అంటే మగవాళ్లకు చేసే ఆపరేషన్లు. ఆ దెబ్బకు మగవాళ్ల జోలికి వెళ్లడానికి ప్రభుత్వాలు జంకాయి. బరువంతా ఆడవాళ్ల మీదికి మళ్లింది.

1992-93లో తొలి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే వచ్చింది. ముంబైలోని అంతర్జాతీయ జనాభా అధ్యయన సంస్థ ఆధ్వర్యంలో దాదాపు 90 వేల మంది పెళ్లయిన స్త్రీలను ఇళ్లకు వెళ్లి పలకరించారు. ఇంకో బిడ్డ కావాలా? కావాలంటే ఎప్పుడు? ఇప్పుడు ఏ పద్ధతి వాడుతున్నారు? ఇప్పుడే వద్దని చెప్పి, ఏ పద్ధతీ వాడని స్త్రీ ఉంటే ఆమెది 'తీరని అవసరం'. ఆసుపత్రి రిజిస్టరులో ఆమె ఎప్పటికీ కనిపించదు. అక్కడ ఉండేది వచ్చినవాళ్ల పేర్లే.

1996లో కేంద్రం టార్గెట్లు ఎత్తేసింది. కాగితం మీద పోయినంత తేలిగ్గా అలవాటు పోలేదు. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర ట్యూబెక్టమీ (ఆడవాళ్లకు చేసే కు.ని. ఆపరేషన్) శిబిరానికి వెళ్లిన మహిళలు పదిమందికి పైగా చనిపోయారు. ఆ తర్వాత 2016లో సుప్రీంకోర్టు ఇలాంటి శిబిరాలను మూడేళ్లలో ఆపేయాలంది.

2015-16 నాటి నాలుగో సర్వేతో జిల్లాల వారీ అంకెలూ అందాయి. ఆ కాలంలోనే కేంద్రం సంతాన రేటు (ఒక్కో స్త్రీ సగటున కనే పిల్లల సంఖ్య) 3, ఆ పైన ఉన్న 140కి పైగా జిల్లాలను ఏడు రాష్ట్రాల్లో గుర్తించి మిషన్ పరివార్ వికాస్ అనే కుటుంబ నియంత్రణ పథకం తెచ్చింది. ఆపరేషన్ లేకుండా గర్భం రాకుండా చూసే 'అంతర' ఇంజక్షన్, 'ఛాయ' మాత్రలు ప్రభుత్వ ఆసుపత్రులకు చేరాయి. లెక్క చూసి మందు వేయడమంటే ఇదే.

మన సంగతి వేరు. 2019-21 సర్వేలో ఆంధ్రప్రదేశ్ సంతాన రేటు 1.7. తీరని అవసరం 5 శాతం లోపే. బ్రహ్మాండమైన మార్కులు! కానీ వివాహితల్లో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. మాత్రలు, కండోములు, లూపు ఒక్కొక్కటీ ఒక్క శాతం కూడా లేవు. ఆపరేషన్ అయిన స్త్రీని 'అవసరం తీరింది' గడిలో వేస్తారు. పాతికేళ్లు నిండకుండానే చేయించుకున్న ఆమెకు, అంతకుముందు బిడ్డకూ బిడ్డకూ ఎడం పెట్టుకునే దారి ఎవరైనా చూపారా అన్నది ఆ అంకెలో ఉండదు. వేరే పద్ధతుల గురించి చెప్పారా అన్న ప్రశ్న సర్వేలో ఉంది. కాకపోతే పతాక శీర్షికకు ఎక్కేది సంతాన రేటే.

ఆ రేటు మరీ పడిపోయిందని చూసే ఇప్పుడు గాలి ఎదురు తిరిగింది. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి అనర్హులన్న నిబంధనను 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలగించింది.