ముసలి మేపుల్, వడ్రంగి పిట్ట: అపోహలు – వాస్తవాలు

న్యూజెర్సీలో ఆర్బరిస్ట్‌గా, అంటే చెట్ల బాగోగులు చూసే నిపుణుడిగా పనిచేస్తున్నాను. మంచు కరిగి ఎండ కాస్త ముదరగానే మనవాళ్ల ఫోన్లు మొదలవుతాయి. "అన్నా, వడ్రంగి పిట్ట మా మేపుల్ చెట్టుని చంపేస్తోంది, తరమడానికి ఏమైనా ఉందా?" అప్పటికే వాట్సాప్ గ్రూపులో ఒకరు ప్లాస్టిక్ గుడ్లగూబ పెట్టమని ఉంటారు, ఇంకొకరు పాత సీడీలు వేలాడదీయమని, మరొకరు మానుకి కారం నీళ్లు కొట్టమని. అన్నీ అయ్యాక నన్ను పిలుస్తారు.

అపోహ: పిట్ట పొడవడం వల్లే చెట్టు ఎండిపోతోంది. పిట్టను ఆపితే చెట్టు బతుకుతుంది.

జరిగేది తలకిందులు. ముందు కొమ్మ విరుగుతుంది, లేదా వేరు దెబ్బతింటుంది. ఆ గాయంలోంచి శిలీంధ్రం దిగి లోపలి కలపని పుచ్చిపోయేలా చేస్తుంది. ఆ తడి పుచ్చులో కార్పెంటర్ చీమలు కాపురం పెడతాయి. అవి కలపని తినవు, మెత్తబడిన చోట తొలుచుకుని గూడు కట్టుకుంటాయి. ఆ చీమల కోసం వస్తుంది పిట్ట. కాకి అంత ఉండి, నెత్తిన ఎర్ర కుచ్చుతో వచ్చేది పైలియేటెడ్ రకం వడ్రంగి పిట్ట. అది పొడిచిన చోట నిలువుగా, పొడుగ్గా, దీర్ఘచతురస్రంలా గొయ్యి పడుతుంది, కింద గడ్డిలో చెక్క పేళ్లు కుప్పగా ఉంటాయి. ఆ గొయ్యి కనపడిందంటే లోపల పుచ్చు ఎప్పుడో మొదలైందనే అర్థం. పిట్ట మీకు ఫ్రీగా ఇన్‌స్పెక్షన్ చేసిపెట్టింది.

ఈ అపోహకి మూల్యం డబ్బుల్లోనే ఉంటుంది. పిట్టతో యుద్ధం చేస్తూ రెండు సీజన్లు గడుస్తాయి. ఈలోగా కొమ్మలు ఎండి పెళుసెక్కుతాయి. ప్రాణమున్న చెట్టైతే మనిషి తాడు కట్టుకుని ఎక్కి, కొమ్మ కొమ్మ కోసి దించుతాడు. పూర్తిగా చచ్చిన చెట్టు ఎక్కడానికి ఏ మంచి క్లైంబరూ ఒప్పుకోడు. అప్పుడు క్రేన్ తేవాలి, బిల్లు ఎక్కడికో వెళ్తుంది. నిలబడి ఉన్న ఎండు చెట్టు కొట్టించడానికి ఇంటి ఇన్సూరెన్స్ మామూలుగా డబ్బులివ్వదు. ప్రమాదమని తెలిసీ వదిలేశారని తేలితే, ఇంటి మీద పడ్డాక పెట్టిన క్లెయిమ్‌కీ పేచీ రావచ్చు.

ఎడిసన్‌లో ఒకింట్లో గుంటూరు నుంచి వచ్చిన మామగారు రోజూ పొద్దున్నే డెక్ మీద నిలబడి స్టీల్ పళ్లెం మీద గరిటెతో వాయించేవారు. పిట్ట కాసేపు పక్కింటికి వెళ్లి మళ్లీ వచ్చేది. నేను వెళ్లేసరికి అందరూ తలెత్తి పైకే చూస్తున్నారు. చెట్టు మొదలు చుట్టూ గుట్టలా పోసిన మల్చ్‌ని, అంటే నేల మీద కప్పే చెక్కపొట్టుని, చేత్తో పక్కకి తోశాను. బెరడుకి అతుక్కుని అర్ధచంద్రాకారంలో చెక్కలా గట్టి పుట్టగొడుగు, పైన గోధుమ రంగు, అడుగున తెలుపు. గోరుతో గీస్తే ఆ తెలుపు మీద వెంటనే గోధుమ గీత పడింది. గానోడెర్మా, కలపని పుచ్చబెట్టే శిలీంధ్రమే. రబ్బరు సుత్తితో మాను చుట్టూ కొడితే ఇంటివైపే డొల్ల మోత. "బాబాయ్ గారూ, పిట్ట చెట్టుని తినట్లేదండీ, చీమల్ని తింటోంది. మీ చెట్టు జబ్బంతా ఇదిగో, ఇక్కడుంది" అన్నాను. ఆయన పళ్లెం కింద పెట్టి, "మరి ఇన్నాళ్లూ ఎవరూ కిందకి చూడలేదేం బాబూ?" అన్నారు. అల్లుడుగారు నోరెత్తలేదు.

అందుకే పైకి కాదు, చెట్టు మొదలు దగ్గర చూడండి. మొదట్లో పుట్టగొడుగులు, ఒకవైపు మట్టి పైకి లేవడం, ఈమధ్యే చెట్టు ఒరగడం, పంగ దగ్గర చీలిక: వీటిలో ఏ ఒక్కటున్నా ఆగకుండా నిపుణుడికి చూపించండి. పైకొమ్మలు ఏటేటా ఎండుతున్నా వేర్ల సంగతి అనుమానించాల్సిందే. మన సబర్బుల్లో పాత ఇళ్లతో పాటు వచ్చేవి ఎక్కువగా నార్వే మేపుల్, సిల్వర్ మేపుల్. డచ్ ఎల్మ్ తెగులుకి వీధుల్లో ఎల్మ్ చెట్లు పోయాక, ఆ ఖాళీల్లో తొందరగా పెరుగుతాయని నాటారు. ఇప్పుడవి ముసలివయ్యాయి. నార్వే మేపుల్‌కి సొంత వేరు దాని మొదలుకే ఉరిలా చుట్టుకోవడం మామూలు, సిల్వర్ మేపుల్‌కి కొమ్మలు విరగడం మామూలు.

అపోహ: తొర్ర ఉంటే రేపే కూలుతుంది.

ఈ భయంతో నిద్రపోని వాళ్లని చూశాను, పిల్లల బెడ్‌రూమ్ ఆ వైపే ఉంటే ఎవరికైనా టెన్షనే. కానీ చెట్టు ప్రాణమంతా బెరడు కిందుండే పలుచటి పొరలోనే ఉంటుంది. మధ్యలో చేవ పోయినా, చుట్టూ గట్టి గోడ తగినంత మందం ఉంటే ఏళ్ల తరబడి నిలబడుతుంది. ఇనుప గొట్టం డొల్లైనా బరువు మోయట్లేదూ? ఆ మందం ఎంతుందో తేల్చాల్సింది ఐఎస్‌ఏ (ఆర్బరిస్టుల అంతర్జాతీయ సంఘం) సర్టిఫికెట్‌తో పాటు ట్రాక్ (చెట్టు ప్రమాదాన్ని అంచనా వేసే) అర్హత ఉన్న మనిషి. తుఫాను మర్నాడు ఫ్లయర్ పట్టుకుని తలుపు కొట్టేవాడి మాట నమ్మకండి.

మిగతావి గబగబా. తొర్రలో సిమెంటు, ఫోమ్ పోయించొద్దు, కోసిన చోట పెయింటు పూయొద్దు. చెట్టు గాయాన్ని మాన్పుకోదు, లోపల గోడ కట్టి వేరుచేస్తుందని అమెరికా ఫారెస్ట్ సర్వీస్‌లో అలెక్స్ షైగో ఎప్పుడో చూపించారు. చెట్టు పైభాగమంతా ఒకేసారి తల నరికినట్టు కొట్టించడం అసలొద్దు. ఎరువు వేస్తే చచ్చే చెట్టు లేచి కూర్చోదు.

సన్నటి చిల్లులు అడ్డంగా వరుసగా ఉంటే అది చెట్టు రసం తాగే సాప్‌సకర్ అనే ఇంకో రకం వడ్రంగి పిట్ట పని. ఆరోగ్యంగా ఉన్న చెట్టునీ పొడుస్తుంది, చాలా చెట్లు తట్టుకుంటాయి. మరీ ఒకేచోట పొడుస్తుంటే కొన్నాళ్లు గోనెపట్టా చుట్టండి.

పెన్సిల్ దూరేంత, కచ్చితంగా గుండ్రటి రంధ్రమైతే మాత్రం అది పిట్టది కాకపోవచ్చు. ఆసియా లాంగ్‌హార్న్ పురుగు అలాంటి రంధ్రం చేసుకునే బయటికొస్తుంది. 1996లో బ్రూక్లిన్‌లో బయటపడింది, దానికి మేపుల్ అంటే ప్రాణం. ఫోటో తీసి రాష్ట్ర వ్యవసాయ శాఖకి పంపండి.

పిట్టను కొట్టడం, చంపడం 1918 నాటి అమెరికా వలస పక్షుల చట్టం కింద నేరం. గూట్లో గుడ్లో పిల్లలో ఉంటే, చెట్టు ఇప్పుడే పడేలా లేనప్పుడు అవి ఎగిరిపోయేదాకా ఆగాలి. పడినా ఇంటికి అందనంత దూరంలో ఉన్న చెట్టైతే పది పదిహేను అడుగుల మోడు ఉంచేయండి, పిట్టకీ గుడ్లగూబకీ ఇల్లవుతుంది.

కొట్టించక తప్పనప్పుడు, ఆగడానికి వీలుంటే చలికాలంలో పెట్టుకోండి, టౌన్‌షిప్ పర్మిట్ కావాలేమో ముందే కనుక్కోండి. చలికాలంలో గూళ్లు ఖాళీ, ఆకులుండవు, నేల గడ్డకట్టి ఉంటుంది కాబట్టి లాన్‌లో ట్రక్కు చక్రాలు దిగబడవు. చెట్లు కొట్టే క్రూలకి పని తక్కువగా ఉండే రోజులు కాబట్టి బేరమూ కుదురుతుంది.