టీబీ అపోహలు - వాస్తవాలు: తగ్గిందని మందులు ఆపేవాళ్ల కోసం

"దగ్గు పోయిందండి, బరువు కూడా పెరిగానండి, ఇంకెందుకండి ఈ బిళ్లలు?" కోనసీమలో టీబీ మందులిచ్చే మాలాంటివాళ్లం తరచూ వినే మాట ఇది. ఈ జబ్బు మీద ఉన్న అపోహలన్నిటిలో మనుషుల్ని ఎక్కువగా ముంచుతున్నదీ ఇదే.

మొదటి రెండు నెలల్లో చురుగ్గా పెరిగే క్రిములు చాలావరకు చస్తాయి. జ్వరం తగ్గుతుంది, ఆకలి పుడుతుంది, కళ్లె పరీక్షలో క్రిమి కనపడకపోవచ్చు కూడా. కానీ పెరగకుండా నక్కి ఉన్నవి కొన్ని లోపల మిగిలే ఉంటాయి. మిగతా నాలుగు నెలల మందులు వాటి కోసమే. చేనుగట్టు మీద గరిక పైపైన కోస్తే వానకి మళ్లీ లేస్తుంది కదా, ఇదీ అంతే. పైగా వేసుకుంటూ మానేస్తూ ఉంటే మందుకి లొంగని క్రిములు తయారవుతాయి.

అంబాజీపేట వైపు నుంచి కొబ్బరి దింపు పని చేసే ఒకాయన మా దగ్గరికి వచ్చేవాడు. మూత్రం ఎర్రగా వస్తే రక్తం పోతోందని మొదట్లోనే హడలిపోయాడు. అది రిఫాంపిసిన్ అనే టీబీ మందు రంగు అని చెప్పాక కుదుటపడ్డాడు. సంక్రాంతికల్లా ఒంట్లోకి శక్తి వచ్చి చెట్టెక్కగలిగాడు. అంతే, మందులు మానేశాడు. ఎండాకాలంలో కళ్లెలో రక్తం పడుతుంటే మళ్లీ వచ్చాడు. సీబీనాట్ అనే కళ్లె పరీక్ష చేస్తే రిఫాంపిసిన్ ఇక పనిచేయదని తేలింది. మందులన్నీ మార్చి మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది, ఇంట్లో పిల్లలకీ పరీక్షలు చేయించాం. ఆయన్ని తిట్టలేం. ఆస్పత్రికి వచ్చిన రోజు కూలి పోతుంది, పని ఆగితే ఇల్లు గడవదు. కానీ "తగ్గాక మందులు వాడితే లివర్ పోతుంది, పసరు చాలు" అని నూరిపోసినవాళ్ల మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపమే.

మిగతావి గబగబా చెప్పేస్తాను. కంచం, గ్లాసు వేరు చేయక్కర్లేదు, ఇది గాలి ద్వారా వచ్చే జబ్బు. వంశపారంపర్యం కాదు. బీసీజీ టీకా పసిపిల్లల్ని తీవ్రమైన రకాల నుంచి కాపాడుతుంది, పెద్దయ్యాక రాదని భరోసా ఇవ్వదు. షుగర్ ఉన్నవాళ్లకి ముప్పు ఎక్కువ. "ఈ రోజుల్లో టీబీ ఎక్కడుందండి" అంటారు. 2024లో ప్రపంచంలో సుమారు 1 కోటి 7 లక్షల మందికి వచ్చింది, 12 లక్షల మందికి పైగా చనిపోయారు. ఆ జబ్బుపడినవాళ్లలో నాలుగోవంతు మన దేశంలోనే ఉన్నారు.

రెండు వారాలు దాటిన దగ్గుంటే టెన్షన్ పడుతూ ఇంట్లో కూర్చోకండి. పీహెచ్‌సీలో అడగండి, పరీక్ష, మందులు ఉచితం, తిండి కోసం నెలకి 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. మందులు వాడేటప్పుడు వాంతులు ఆగకపోయినా, కళ్లు పచ్చబడినా అదే రోజు వచ్చి చెప్పండి. ఏ మాత్ర ఆపాలో, ఏది మార్చాలో డాక్టర్ చూస్తారు.