‘గ్యాస్’ అనకండి బాబూ: మందుల షాపు కౌంటర్ వెనక నుంచి అపోహలు – వాస్తవాలు

పొద్దున్నే షట్టరు సగం ఎత్తేసరికే ఎవరో ఒకరు వంగి లోపలికి తొంగి చూస్తారు. “బాబూ, గ్యాస్ మాత్ర ఒకటి ఇయ్యండి.” ఒడియావాళ్ళయితే “గ్యాస్ హెయిచి” అంటారు. భాష ఏదైనా అరచెయ్యి మాత్రం ఛాతీ మీదే ఉంటుంది. ఒడిశా సరిహద్దు ఊరు పర్లాకిమిడిలో నేను షాపు పెట్టి ఇరవై రెండేళ్ళు. జ్వరం మాత్రల తర్వాత ఎక్కువగా అమ్మింది ఇవే.

గ్యాస్ అనే ఈ ఒక్క మాట కింద మనవాళ్ళు ఏమేం దాచేస్తారో చూడండి. పులితేన్పులు, ఛాతీలో మంట, కడుపుబ్బరం, మలబద్ధకం, వీపు పట్టేయడం, పిత్తాశయంలో రాళ్ళు, భయం, అప్పుడప్పుడు గుండెపోటు కూడా. గిడుగు రామమూర్తి పంతులుగారు మాస్టారుగా పనిచేసిన ఊరు మాది. జనం వాడే మాటకే ఆయన పట్టం కట్టారు, నేనూ ఆ పక్షమే. ఈ ఒక్క మాట మీద మాత్రం నాకు కోపం. ఎందుకో చెప్తాను.

అపోహ: ఛాతీలో నొప్పి గ్యాస్ సిరప్ తాగితే తగ్గిందంటే, తేన్పు వస్తే తేలికపడిందంటే, అది గ్యాసే.

ఏడేళ్ళ కిందట, శివరాత్రి మర్నాడు. మా బావ పాతపట్నం నుంచి స్కూటర్ మీద షాపుకొచ్చారు. ముఖం మీద చెమట. “నిన్నంతా ఉపవాసం కదరా, రాత్రి జాగారం. పొట్ట మీద గ్యాస్ పట్టేసింది” అన్నారు. నేను ఏమీ అడగలేదు. బావ, పైగా ఉపవాసం, ఇంకేం కావాలి? రెండు మూతల సిరప్ పోసిచ్చాను. గట్టిగా రెండు తేన్పులు వచ్చాయి. “అమ్మయ్య” అన్నారు. టీ తాగి, నది వంతెన దాటి వెళ్ళిపోయారు. సాయంత్రానికి ఆసుపత్రిలో ఉన్నారు. ఈసీజీలో గుండె అడుగు భాగానికి దెబ్బ తగిలినట్టు తేలింది. మనిషి బతికారు గానీ, ఇప్పటికీ డాబా మెట్లు ఎక్కాలంటే మధ్యలో ఒకసారి ఆగుతారు. ఆ పొద్దున్న నేను మూడు ప్రశ్నలు అడిగుంటే మధ్యాహ్నం లోపే మందు పడేది.

గుండె అడుగు భాగం డయాఫ్రం మీద, అంటే ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరపు పొర మీద, ఆని ఉంటుంది. అక్కడ రక్తం ఆగితే నొప్పి పొట్ట పైభాగంలో తెలుస్తుంది. కడుపు తిప్పుతుంది, వాంతి అవుతుంది, తేన్పులూ వస్తాయి. గుండె నరాలు, అన్నవాహిక నరాలు వెన్నుపాములో దాదాపు ఒకేచోటికి చేరతాయి కాబట్టి నొప్పి ఎక్కడిదో మెదడే పోల్చుకోలేదు. ఇక కౌంటర్ అవతల నిలబడి మీరు, ఇవతల నిలబడి నేను ఏం పోల్చుకుంటాం? పైగా గుండె నొప్పి తగ్గుతూ పెరుగుతూ ఉంటుంది. అది తగ్గే వేళకి మీ కడుపులో సిరప్ ఉంటే పేరు సిరప్‌కి పోతుంది. షుగరు ఉన్నవాళ్ళకి, పెద్దవయసు వాళ్ళకి, ఆడవాళ్ళకి కొన్నిసార్లు నొప్పే ఉండదు. ఆయాసం, చెమట, నీరసం, అంతే.

అందుకే ఇప్పుడు ఎవరొచ్చినా ముందు అడుగుతాను. వంగితే, పడుకుంటే ఎక్కువవుతోందా? నోట్లోకి పుల్లగా వస్తోందా? అవునంటే రిఫ్లక్స్, అంటే కడుపులో యాసిడ్ పైకి ఎగదన్నడం, కావచ్చు. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గుతోందా? చెమట పట్టిందా? దవడకో చేతికో పాకుతోందా? అవునంటే గుండె కావచ్చు. నలభై దాటిన మనిషికి, లేదా షుగరు, బీపీ, పొగాకు ఉన్న మనిషికి, కొత్తగా వచ్చిన నొప్పి పదిహేను నిమిషాలు దాటినా తగ్గకపోతే నేను మాత్ర ఇవ్వను. కుర్చీలో కూర్చోబెట్టి 108కి ఫోన్ చేస్తాను. చెమటలు, ఆయాసం ఉంటే పదిహేను నిమిషాలు కూడా చూడను. బండి తోలుకుంటూ వెళ్ళనివ్వను. కొందరు “మాత్ర అడిగితే ఇంత గొడవేంటి” అని తిట్టుకుంటూ పక్క షాపుకి పోతారు. పోనీ.

ఇంకో మాట. మొదటి ఈసీజీ బాగుందని లేచి ఇంటికొచ్చేయకండి. గుండెపోటు మొదట్లో ఈసీజీ మామూలుగా ఉండొచ్చు. కాసేపాగి మళ్ళీ తీస్తారు, ట్రోపోనిన్ రక్తపరీక్ష చేస్తారు. డాక్టరు పొమ్మనే దాకా ఉండండి.

ఇది చదివి ఇప్పుడే ఛాతీ తడుముకుంటున్నవాళ్ళు ఉంటారని నాకు తెలుసు. మా అప్ప (అక్క) సంగతీ అదే. బావకి అలా అయిన మూడు నెలలకి ఆవిడకి రాత్రిళ్ళు మంట మొదలైంది. అర్ధరాత్రి లేచి నాడి పట్టుకుని కూర్చునేది. ఆ ఏడాది నాలుగు ఈసీజీలు, ఒక ఎకో. అన్నీ బాగున్నాయి. “నీకేం లేదమ్మా, టెన్షన్” అని ఒకాయన పంపేశాడు. అది మరీ అన్యాయం. గుండె బాగున్నంత మాత్రాన నొప్పి అబద్ధం అయిపోదు కదా. రిఫ్లక్స్ మంట నిజంగానే గుండెల్ని పిండేస్తుంది. గుండెకేమీ లేదని పరీక్షల్లో తేలినవాళ్ళని వెక్కిరించకండి, మంటకి మందు చూడండి.

ఆవిడకి ఉన్నది యాసిడ్ ఎక్కువవడం కూడా కాదు. అన్నవాహిక అడుగున ఒక కండరం బిగించి పట్టుకుని ఉంటుంది, ముద్ద దిగేటప్పుడు వదిలి మళ్ళీ బిగుసుకోవాలి. అది వదులైతే యాసిడ్ పైకి ఎగదన్నుతుంది. కడుపు లోపలి పొర యాసిడ్‌కి తట్టుకుంటుంది, అన్నవాహికకి ఆ రక్షణ లేదు. వదులు చేసేవి ఏవంటే పొగాకు, సారా, నూనె ఎక్కువైన తిండి, నిండు కడుపు, పెరిగిన పొట్ట. కొన్ని బీపీ మాత్రలూ చేస్తాయి, కానీ వాటిని మీ అంతట మీరు ఆపకండి, డాక్టర్ని అడగండి. మా అప్పకి పొద్దున్నా సాయంత్రం గుడాకుతో పళ్ళు తోముకునే అలవాటు. “నేను చుట్ట కాల్చను కదా” అంటుంది. గుడాకు పొగాకు కాకపోతే మరేంటి? సీరియల్ అయ్యాక పదింటికి అన్నం, పదిన్నరకి మంచం. ఇంకెందుకు రాదు మంట?

మిగతావి గబగబా చెప్పేస్తాను, షాపులో జనం ఉన్నారు.

మంట పుట్టాక, యాసిడ్ తగ్గించే పాంటొప్రజోల్ మాత్ర వేసుకుని “పనిచెయ్యలేదు” అంటారు. కడుపులో యాసిడ్ పంపులు తిండి పడ్డప్పుడు మేలుకుంటాయి. మేలుకున్న పంపునే ఈ మందు పట్టుకుంటుంది. అందుకే పొద్దున్న పరగడుపున వేసుకుని, అరగంట నుంచి గంట ఆగి తినాలి. నమలకూడదు. పూర్తి గుణం కనబడటానికి రెండు మూడు రోజులు పడుతుంది. అప్పటికప్పుడు ఊరట కావాలంటే సిరప్ వేరు. డాక్టరు ఎనిమిది వారాలు రాస్తే ఎనిమిదేళ్ళు వాడేవాళ్ళున్నారు, బీ12, మెగ్నీషియం పడిపోవచ్చు. ఎక్కువకాలం వాడి ఒక్కసారిగా ఆపితే మంట ఎదురు తిరుగుతుంది, అడిగి మెల్లగా తగ్గించుకోండి.

పాలు? తాగినప్పుడు చల్లగానే ఉంటుంది. తర్వాత ఆ పాలే ఇంకొంచెం యాసిడ్‌ని ఊరిస్తాయి. నీళ్ళలో వేస్తే బుస్సుమనే పొడి? అందులో ఉన్నది సోడా ఉప్పు, బుస్సుమనేది కార్బన్ డయాక్సైడ్. గ్యాస్ పోవాలని గ్యాసే తాగుతున్నారన్నమాట. సోడియం ఎక్కువ కాబట్టి బీపీ, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్ళకి అలవాటు కాకూడదు.

“గ్యాస్ మాత్రలన్నీ కేన్సరేనట” అని వాట్సాప్ చూపిస్తారు. రానిటిడిన్ అనే యాసిడ్ మాత్రల్లో, కేన్సర్ తెస్తుందని అనుమానమున్న ఎన్.డి.ఎం.ఏ. అనే మలినం బయటపడింది, 2022 సెప్టెంబరులో మన దేశ అత్యావశ్యక మందుల జాబితా నుంచి దాన్ని తీసేశారు. అంతవరకు నిజం. దాన్ని పట్టుకుని ఉన్న మందులన్నీ చెత్తబుట్టలో పడేయడం తెలివి కాదు.

పఖాళ (ఒడియావాళ్ళ పులిసిన నీళ్ళన్నం), చద్దన్నం, చోడి (రాగి) అంబలి పుల్లనివి కదా, మానాలా? మీకు పడితే తినండి. పక్కన నంజుకునే పచ్చిమిరపకాయలు, ఎండుచేపల వేపుడు, తిన్న వెంటనే చాప మీద వాలిపోవడం, ముందు వాటి సంగతి చూడండి. ముద్ద దిగకపోవడం, నల్లటి విరేచనం, రక్తపు వాంతి, కారణం లేకుండా బరువు తగ్గడం, వీటిలో ఏది ఉన్నా మాత్రలతో కాలం గడపొద్దు. ఎండోస్కోపీకి వెళ్ళాలి.

మా అప్ప మంచానికి తలవైపు కోళ్ళ కింద రెండేసి ఇటుకలు పెట్టాను, ఆరంగుళాలు లేచింది. అంతకుముందు మూడు దిళ్ళు పెట్టుకునేది, దాంతో పొట్ట దగ్గర మడత పడి మంట ఇంకా ఎక్కువయ్యేది. ఎడమ పక్కకి తిరిగి పడుకోమన్నాను. అన్నం ఏడున్నరకి మారింది, సీరియల్ మాత్రం మారలేదు. నెల తిరిగేసరికి మాత్ర అవసరం తగ్గింది. ఇటుకలు చూసిన పొరుగావిడ “ఏ సిద్ధాంతిగారు చెప్పారమ్మా?” అని అడిగి వెళ్ళి, వాళ్ళింట్లోనూ పెట్టించిందట. కాళ్ళవైపు.